పనిలేని తాడు

మా ఇంటికి మొదటిసారి వచ్చినోళ్ళు వాకిట్లో చెప్పులిడిసి లోపలికి రాంగానే నవ్వుతారు. నవ్వనీలే. గోడకు అల్మారా ఉండాల్సిన చోట మగ్గం పలక ఉంటాది. దాని మీదనే ఉప్పు డబ్బా, చింతపండు జాడీ. గుడ్డలు తగిలిచ్చేది గోడకు కొట్టిన దారం కండెలకు. దువ్వెన, కుంకం భరిణె పెట్టేది అడ్డపోగు నేసే నాడెలో. కాళ్ళిరిగిన కుర్చీ తలకిందులై ఉల్లిగడ్డల గంప అయింది. "ఏం కుళ్ళాయమ్మా, మీ ఇంట్లో ఏ వస్తువుకూ చావే లేదా?" అని పక్కింటి మారక్క ఎగతాళి చేస్తాది. నేను చావనిస్తే గదా అంటాను.

నా పుట్టిల్లు పెనుకొండ. ఆడ మాయమ్మ చేట చిరిగితే పారేసేది కాదు. పాత పేపర్లు నానేసి, మెంతులు రుబ్బి, రెండూ కలిపి గుజ్జు చేసి చేటకు మెత్తి ఎండకు పెడుతుండె. ఎండినాక అది బండ మాదిరి గట్టిపడుతుండె. ఆ చేటలోనే మళ్ళీ రాగులు చెరుగుతుండె. ఆ బుద్ధే నాకూ వచ్చింది. ఏదన్నా పగిలితే అయ్యో పగిలెనే అని ఏడ్సను, దీంట్లో ఏం పోసిపెట్టుకోవచ్చు అని చూస్తాను. పిసినారి కుళ్ళాయమ్మ అని పేరు పెట్టినారు. పెట్టుకోనీ. కానీ ఆ యేడు నేను మగ్గాన్ని ఇప్పి సామాన్లు చేసుకున్యానే, అది మాత్రం పిసినారితనం కాదు. ఎందుకో ఊర్లో ఎవరికీ తెలీదు, మారక్కకు గూడా.

మాది ధర్మవరం. మా ఇంటాయప్ప నాగభూషణం పట్టుచీరలు నేసేటోడు. ఇంటి నడుమ గుంత, ఆ గుంతలో కాళ్ళు పెట్టి గట్టు మీద కూర్చోని నేసే మగ్గం. పెండ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన కాన్నుంచి ఆ టకటకలోనే నేను వండినా, ఆ టకటకలోనే పిల్లను సాకినా. మా ఈశ్వరి చంటిబిడ్డప్పుడు మగ్గం ఆగితే నిద్ర లేసి ఏడుస్తుండె. అంత అలవాటు.

రెండువేలు దాటినాక ఊరంతా పవర్‌లూములు వచ్చినాయి. మా ఆయప్ప నడుం పడిపోయేట్టు కూర్చోని వారాల తరబడి నేసే చీరను ఆ మిషను మనం కాఫీ తాగి వచ్చేలోపల దింపుతాదంట. చీరకు నిలువు పోగులు, అదే వార్పు, ఇచ్చే యజమాని మొదట్లో "వచ్చే నెల చూద్దాంలే నాగభూషణం" అంటుండె. తర్వాత తర్వాత ఆ మాటా అనలేదు. ఎదురుపడితే చెయ్యెత్తి నమస్కారం చేసి పోతుండె. ఆ నమస్కారం చూస్తే నాకు ఒళ్ళు మండుతుండె.

మగ్గం నేసేటోళ్ళకు ఒక పద్ధతి ఉండాది. చీర దింపినాక వార్పు చివరి పోగుల్ని పూర్తిగా కోసేయరు. మూరెడు పోగులు దువ్వెన మాదిరుండే అచ్చులోనే మిగిలిస్తారు. కొత్త వార్పు వచ్చినప్పుడు ఒక్కో కొత్త పోగును ఆ పాత పోగుకు పురిపెట్టి అతుకుతారు. ఆ అతికే పని మా ఆడోళ్ళదే, నేను ఎన్ని వేల పోగులు అతికినానో నా వేళ్ళకే తెలుసు. పాత పోగులు ఉన్నంతకాలం మగ్గం బతికినట్టు లెక్క. మా మగ్గంలో చివరి చీరవి ఎర్ర పోగులు మిగిలినాయి. వాటికి అతకను కొత్తవి రాలేదు.

మా ఆయప్ప మాత్రం పొద్దన్నే స్నానం చేసి, మగ్గానికి దండం పెట్టి, గుంతలో కాళ్ళు పెట్టుకోని కూర్చుంటుండె. చెయ్యను పని లేదు. ఊరికే కూర్చునేది. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది లేదు. ఇది కావల్ల అని ఆ మనిషి నోరు తెరిచి శానా కాలమాయ. ఈశ్వరిని హిందూపురం ఇచ్చినాము, అల్లుడు ఆడ ఫ్యాక్టరీలో పని. "నాయనను తీసుకోని వచ్చెయ్‌మా, ఈడ ఏదో ఒక పని దొరుకుతాది" అని ఆ పిల్ల ఫోన్ చేసి చేసి అలిసిపోయింది. ఈయప్ప కదిలితే గదా!

అట్లాంటప్పుడు శ్రీరాములు పోయినాడు. శ్రీరాములు పక్క సందులోనే ఉండేటోడు, మా ఆయప్పకు గోలీలాడిన కాన్నుంచి జత. ఆయనదీ మాదే కత, ఖాళీ మగ్గం. ఒకరోజు పెండ్లాం ఆదిలక్ష్మి కొళాయి కాడికి పోయి వచ్చేలోపల, మగ్గం తాడుతోనే ఇంటి దూలానికి ఉరిపోసుకున్యాడు. ఇంతకన్నా చెప్పను.

మట్టి చేసి వచ్చి, స్నానాలైనాక మా ఆయప్ప మళ్ళీ పోయి మగ్గం గట్టు మీద కూర్చున్యాడు. నేను చెంబుతో నీళ్ళిద్దామని దగ్గరికి పోయినా. ఆయన మగ్గాన్ని చూస్తా లేడు. తలెత్తి పైన దూలాన్ని చూస్తాండాడు. చెంబు ఆడనే పెట్టేసినా. చౌడేశ్వరమ్మ తల్లీ, ఈ మనిషిని నాకు మిగిలియ్యి అని అప్పుడే మొక్కినా.

ఎవరితో చెప్పుకోవల్ల? ఈశ్వరికి చెప్తే గుండె పగిలి చస్తాది. మారక్కకు చెప్తే మాపటికల్లా ఊరంతా తెలుస్తాది. ఆ మనిషినే అడిగితే, లేని ఆలోచన నేనే పుట్టిచ్చినట్టయితాదేమోనని భయం. అందుకే ఒక మాట అనుకున్యా. ఈ ఇంట్లో ఆ మగ్గం ఉండకూడదు, ముఖ్యంగా దాని తాడు ఉండకూడదు.

మరుసటిరోజే మొదలుపెట్టినా. "ఎలుకలు కొరికి పాడుచేస్తాండాయి, సామాన్లన్నీ ఎత్తిపెడతా" అని అబద్ధం చెప్పినా. వద్దని కొట్లాడతాడేమో అనుకుంటే ఆయన లేసి పక్కకు జరిగి గోడకానుకోని కూర్చున్యాడు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. కొట్లాడింటే బాగుండు. జకార్డు అట్టలుంటాయి గదా, బొక్కలు బొక్కలుగా, డిజైను అట్టలు. వాటిని నాలుగు పక్కలా కుట్టి మాత్రలూ సూదులూ వేసుకునే పెట్టెలు చేసినా. పలకను గోడకు కొట్టినా. మంచం ఒకటి కోడు ఇరిగి మూల పడుండె, దాని చెక్కలు గుంత మీద పరిచి, లోపల చెనిక్కాయల మూటలు, రాగుల డబ్బాలు పెట్టినా. ఆయప్ప కాళ్ళు పెట్టే జాగాలో మూటలు చూసి నాకే కండ్లలో నీళ్ళు తిరిగినాయి. అయినా పెట్టినా.

అచ్చును తీయల్లంటే ఆ ఎర్ర పోగులు కోయల్ల. కత్తెర తీసుకున్యా. కోస్తాంటే ఎనకనుంచి, "కోసేసినావా" అన్నాడు. అన్ని దినాలకు ఆ మనిషి తనంతట తాను మాట్లాడిన మాట అది. లేసి వచ్చి, కిందపడిన పోగుల్ని ఒక్కటీ ఇడవకుండా ఏరుకోని, చుట్టగా చుట్టి చొక్కా జోబీలో పెట్టుకున్యాడు. ఆ పొద్దు అన్నం ముట్టలేదు. నాకు తిక్క రేగింది. "మగ్గం మీద పోగులకు ఇంత ఏడుస్తావే, ఈడ మనిషిని, నేను బతికుండా, కనపడనా నీకు?" అని అరిచినా. ఆయన జోబీ మీద చెయ్యి పెట్టుకోని పోయి మళ్ళీ గోడకానుకోని కూర్చున్యాడు.

ఇంగ తాడు. చేంతాడంత లావు, చేతులు తగిలి తగిలి నున్నగా అయిన తాడు. దాన్ని కాల్చిపారేసింటే పోయేది. ఎవరన్నా అదే చేస్తారు. కానీ మాయమ్మ కడుపున పుట్టినదాన్ని, పారెయ్యడం నాకు చాత కాదు గదా! పైగా మగ్గం తాడును పొయ్యిలో పెడితే పుట్టగతులుంటాయా? పాత రేకు డబ్బా ఒకటి ఉండె, అడుగు కారేది, నేనే గుడ్డపేలికా తారూ పెట్టి మూసింది. దాంట్లో అడుగున తాడు చుట్టి పెట్టి, పైన నిండుగా చెనిక్కాయలు పోసి, గుంత లోపల మూలకు తోసినా. చెనిక్కాయల డబ్బా ఎవరు తిరగేస్తారులే అనుకున్యా. బయటికి పోతే మాత్రం నా పానం ఇంట్లోనే ఉండేది. అంగడికి పోయినా, కొళాయికి పోయినా, ఉరుక్కుంటా వచ్చేది.

ఇట్లుండంగా ఒకరోజు ఆదిలక్ష్మి వచ్చింది, మొగుడు పోయినాక మొదటిసారి గడప దాటి. మనిషి సగమైపోయింది. వాకిట్లోనే కూర్చోని, "అక్కా, ఏదన్నా పాత పెట్టె ఉంటే ఇస్తావా, మూత గట్టిగుండేది" అని అడిగింది. ఏమిటికే అంటే ఏడ్చింది. ఇంట్లోకి పోలేకపోతాందంట. లోపలికి పోతే దూలం నెత్తి మీద ఉంటాది, తలెత్తలేదు, ఆ గదిలో కాలు నిలవదు. వండేదీ, పండేదీ అంతా ముందర రేకుల పంచలోనే. పిల్లి వచ్చి పాలు తాగుతాదంట, కుక్క వచ్చి సంగటి ఎత్తుకపోతాదంట. ఉన్న ఒక్క ఇల్లూ ఇడిసిపెట్టి యాడికి పోవల్ల, ఎట్ల బతకల్ల అని ఏడ్చింది. నేనూ ఏడ్చినా. గోడకానుకోని మా ఆయప్ప వింటా ఉండె.

"ఏడవద్దులే, నేను చేసిస్తా" అంటిని. అప్పుడే మారక్క వచ్చి నిలబడి, "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందంట. ఇంట్లో మొగుణ్ణి గోడ కాన్నుంచి లేపలేవు, ఊరోళ్ళ ఇండ్లు చక్కబెడతావా?" అనింది. "నీ ఇంటి పని చూసుకో పోవే" అని నేనూ కసురుకున్యా. మంచిదే పాపం, నోరే చెడ్డది. నాదీ అంతే.

పాడైపోయిన టీవీకి చెక్కపెట్టె ఒకటి ఉండె. దాని అద్దం తీసి పక్కన దాచి, అరలు కొట్టి, పాత కిటికీ రెక్క తలుపు పెట్టి ఆదిలక్ష్మికి తీసుకపోయి ఇచ్చినా. బాగుందక్కా అనింది. కానీ పంచలో యాడ పెట్టినా లాభం లేకపాయ. నేల మీద పెడితే చీమలు, ఎత్తు మీద పెట్టను గోడ లేదు. "లోపల పెట్టుకుందాం రావే" అని చెయ్యి పట్టుకోని లాగినా. గడప కాడికి వచ్చి తల వంచుకోని నా చెయ్యి ఇడిపిచ్చుకునింది. ఇంగ ఇడిసిపెట్టినా.

ఇంటికొచ్చి ఆ తిక్కలోనే సంగటి పెడతా, "పెట్టెలు చేసేది నాకు తెలుసు గానీ, ఆ దూలాన్ని ఏం చెయ్యల్ల? పీకి పారేసేదా? ఇల్లు కూలిపోదా?" అని ఊరికే అరిచినా. మా ఆయప్ప ముద్ద చేత్తో పట్టుకోని శానాసేపు అట్లనే ఉండిపోయినాడు. తర్వాత తిన్నాడు.

మరుసటిరోజు పొద్దన స్టోరు బియ్యానికి పోయినా. లైను పెద్దగుండె, తొందరగా రాలేకపోయినా. ఇంటికొచ్చి చూస్తే గోడ కాడ మనిషి లేడు. గుంత మీద చెక్కలు పక్కకు జరిగుండాయి. లోపల చెనిక్కాయలు కుప్పగా ఒలికి ఉండాయి. డబ్బా బోర్లా పడుండాది.

తాడు లేదు.

బియ్యం సంచి యాడ పడేసినానో తెలీదు. "యో! యో నాగభూషణం!" అని పేరు పెట్టి పిలిచినా, పెండ్లయినాక ఎప్పుడూ పిలవలేదు ఆ పేరు. పెరట్లో లేడు, నీళ్ళు పోసుకునే బచ్చల్లో లేడు. వీధిలోకొచ్చి అరిచినా. మారక్క ఉరుక్కుంటా వచ్చింది. "తాడు చేతిలో పట్టుకోని ఆదిలక్ష్మి సందు దిక్కు పోతాంటే చూసినా. బక్కెట్టుకు తాడేమోననుకున్యా" అనింది. ఓరి దేవుడో! జతగాడు పోయిన చోటికే పోయినాడు ఈ మనిషి!

ఎట్ల ఉరికినానో! కాలికి చెప్పుల్లేవు, నెత్తిన కొంగులేదు. ఆదిలక్ష్మి పంచలో కూర్చోని ఉండాది, మోకాళ్ళ మధ్య తల పెట్టుకోని. ఇంటి తలుపు దగ్గరికేసి ఉండాది. "యాడే ఆయప్ప?" అంటే తలెత్తకుండానే, "అన్న లోపలికి పోయినాడక్కా. పిలిచిందాకా రావద్దన్నాడు. చేతిలో తాడు ఉండె. అడగను నోరు రాలేదు, లోపలికి పోను కాళ్ళు రాలేదు" అనింది.

తలుపు తోసినా. లోపల మబ్బుగా ఉండె. ముందు కనపడింది కాళ్ళు, ఎత్తులో. పోయి ఆ రెండు కాళ్ళూ కావలించుకున్యా. "సావనియ్యను, నిన్ను సావనియ్యను, నా కట్టె కాలినాకే నువ్వు పోవల్ల" అని ఏమేమో అరుస్తాండా. కాళ్ళు ఎచ్చగా ఉండాయి. ఆ ఎచ్చదనం తెలిసేకి కొంచెం సేపు పట్టింది.

"ఇడిసిపెట్టే, కింద పడతాను. ముడి ఇంగా కాలేదు" అన్నాడు పైనుంచి.

తలెత్తి చూస్తే, స్టూలు మీద నిలబడుండాడు. చేతులు దూలం కాడ ఉండాయి. తాడు ఆయన మెడకు లేదు. దూలానికి చుట్టి, మూడు పేటలుగా కిందికి దించి, అడుగున మా ఇంట్లో అడుగూడిపోయిన బక్కెట్టు కమ్మీ ఒకటి ఉండె, ఆ కమ్మీ గుండ్రానికి అల్లి, ఉట్టి కట్టినాడు. తాడు పొట్టిగా పడిన చోట ఎర్రగా మెరుస్తాండాది. నేను కోసిన పోగులు. అన్నీ పురిపెట్టి పేని, తాడుకు అతికినాడు. అతుకు యాడుండాదో ఏండ్లతరబడి అతికిన నా కండ్లకే కనపడలేదు.

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చినాయి. స్టూలు దిగంగానే భుజాల మీద, ఈపు మీద పిడికిళ్ళతో కొట్టినా. "చెప్పి పోవచ్చు గదా! నోరు పడిపోయిందా నీకు! నా పానం పోయింది గదా!" ఆయన కొట్టించుకున్యాడు.

"తాడు యాడ దాచినావో నాకు మొదట్నుంచే తెలుసు" అన్నాడు. "ఎందుకు దాచినావో గూడా తెలుసు. నిన్న నువ్వు అరుస్తివి గదా, దూలాన్ని ఏం చెయ్యల్లని. మన ఇంట్లో నువ్వు చేసిందే ఈడ చేసినా. పనిలేకుండా పెట్టుకుంటే అది మనల్నే చూస్తా ఉంటాది. దానికేదో ఒక పని పెట్టల్ల."

"నిన్ను చూసిందా?" అని అడిగినా. అన్నాళ్ళు అడగని మాట.

"చూసింది" అన్నాడు. అంతే అన్నాడు. ఆయన కండ్లనుంచి నీళ్ళు కారినాయి, తుడుచుకోలేదు. నా కొంగుతో నేనే తుడిచినా.

తర్వాత గడప కాడికి పోయి, "ఆదిలక్ష్మమ్మా, పాలగిన్నె తీసుకోని రా" అని పిలిచినాడు. ఆయమ్మ గిన్నె పట్టుకోని గడప కాడ శానాసేపు నిలబడింది. ఒక కాలు లోపల పెట్టింది, తల వంచుకోనే. నేను పోయి భుజం పట్టుకున్యా. మెల్లగా నడిపించుకోని వచ్చి ఉట్టి కింద నిలబెట్టినా. ఉట్టిలో గిన్నె పెట్టల్లంటే తలెత్తక తప్పదు. ఎత్తింది. దూలాన్ని చూసింది, తాడును చూసింది, ఆ ఎర్రపోగుల్ని చూసింది. గిన్నె పెట్టింది. ఉట్టి అటూ ఇటూ ఊగి నిలబడింది. అప్పుడు నేల మీద కూలబడి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి ఏడ్చింది, ఆ ఇంట్లోనే, ఆ దూలం కిందనే. పోయిన కాన్నుంచి లోపల కూర్చోని ఏడ్చింది అదే మొదలు. ఏడవనిచ్చినాము.

ఇంటికొస్తాంటే మారక్క వాకిట్లో నా బియ్యం సంచి పట్టుకోని నిలబడుండాది. వీధిలో పడినవి ఏరి, చెరిగి పెట్టింది. ఆ పొద్దు ఒక్క ఎగతాళి మాట గూడా అనలేదు, సంచి నా చేతికిచ్చి పోయింది.

లోపలికొచ్చి ఒలికిన చెనిక్కాయలు ఎత్తుతా కూర్చున్యా. ఖాళీ డబ్బా ముందర పెట్టుకోని, దీంట్లో ఇంగ దాచేది ఏమీ లేదు గదా అనుకుంటాండా. ఆయన గోడ కాడికి పోలేదు. పొయ్యి కాడికి పోయి, గిన్నెల మూతలు తీసి తీసి చూస్తాండాడు.

"ఏం కావల్లయ్యా?" అంటిని.

"ఆకలైతాండాది" అన్నాడు. "ఏమన్నా ఉంటే పెట్టు."